కడచూపు దక్కని ఇల్లు: భగత్ సింగ్ చివరి ములాఖత్ గురించి ఒక సందేహం

వేపచెట్టు నీడ | మార్చి 21, రాత్రి 9:40

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. 23వ తేదీన బడిలో భగత్ సింగ్ గురించి ఐదు నిమిషాలు మాట్లాడమన్నారట. వంటింట్లో నేను పప్పు తాలింపు వేస్తుంటే వచ్చి, "అమ్మా, ఉరి తీసేముందు వాళ్ళమ్మతో ఏం చెప్పాడు?" అని అడిగింది. "ధైర్యంగా ఉండమని చెప్పి ఉంటాడులే" అనేశాను. తర్వాత మనసొప్పక చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నేను చెప్పింది తప్పని తేలింది.

నాకు అర్థమైనది ఇది. కుటుంబం ఆయనను చూసింది 1931 మార్చి 3న, లాహోర్ సెంట్రల్ జైల్లో. ఉరి తీసింది మార్చి 23 సాయంత్రం. ఆ రోజు కూడా కుటుంబం జైలు గుమ్మం దాకా వెళ్ళింది. "దగ్గరి బంధువులు", అంటే తల్లిదండ్రులు, తోబుట్టువులు తప్ప మిగతావాళ్ళు లోపలికి రావడానికి వీల్లేదన్నారు. వస్తే అందరం వస్తాం, లేదంటే ఎవరమూ రామని వాళ్ళు వెనుదిరిగారు. అంటే 23న చివరి మాట అంటూ ఏదీ లేదు. మార్చి 3న కలిసినప్పుడు అదే చివరి చూపని ఎవరికీ తెలియదు.

నా సందేహం ఒక్కటే. తల్లి ఎందుకు వెనక్కి వచ్చింది? మీరు ఏమైనా అనుకోండి, నేనైతే అందరినీ బయట నిలబెట్టి ఒక్కదాన్నైనా లోపలికి వెళ్ళి ఉండేదాన్ని.

---

గోదారి గట్టు | మార్చి 21, రాత్రి 10:05

అమ్మా, వీరమాతలు మనలా ఆలోచించరు. ఆవిడ కొడుకును నవ్వుతూ సాగనంపింది. చిన్నప్పటి నుంచి వింటున్నదే కదా.

---

వేపచెట్టు నీడ | మార్చి 21, రాత్రి 10:12

సాగనంపడానికి లోపలికే వెళ్ళలేదు కదండీ, నవ్వింది ఎక్కడ? నా ప్రశ్న అదే.

---

రిటైర్డు మాస్టారు | మార్చి 22, ఉదయం 5:50

ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను. అమ్మాయ్, నువ్వు రాసిన దానిలో ఒక సవరణ ఉంది. మార్చి 3న ఎవరికీ తెలియదన్నావు. తేదీ తెలియదు, నిజమే. కానీ ఆయనకు తెలుసు. ప్రత్యేక ట్రిబ్యునల్ భగత్ సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్ ముగ్గురికీ ఉరిశిక్ష వేసింది 1930 అక్టోబరు 7న. లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, అంటే అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు, 1931 ఫిబ్రవరిలో అప్పీలు తోసేసింది. ఆ తర్వాత జరిగిన ములాఖత్ ఇది. ఇంటివాళ్ళు వెళ్ళిపోయాక అదే రోజు ఇద్దరు తమ్ముళ్ళకూ వేర్వేరుగా ఉత్తరాలు రాశాడు. ఉత్తరాలు చదివితే ఇంకా బతుకుతానన్న ఆశ వాటిలో ఎక్కడా కనిపించదు.

చిన్నవాడు కుల్తార్ ఆ రోజు జైల్లో ఏడ్చాడు. అన్న మొదటి వాక్యమే దాని గురించి. నీ కళ్ళలో నీళ్ళు చూసి చాలా బాధ కలిగింది, నీ కన్నీళ్ళు నేను ఓర్చుకోలేను అంటాడు. ఆ వెంటనే చదువు సాగించమంటాడు, ఒంటిని జాగ్రత్తగా చూసుకోమంటాడు. హాస్టలుకు పంపుతూ ఏ అన్న అయినా చెప్పే మాటలే.

పెద్దవాడు కుల్బీర్‌కు రాసింది ఇంకా బరువైనది. మీకోసం నేను ఏమీ చేయలేకపోయాను, కష్టాల్లో వదిలి వెళ్తున్నాను, రేపు ఎలా బతుకుతారో తలచుకుంటే ఒళ్ళు వణుకుతోందని రాశాడు. మీలో చాలామంది ఈ ఉత్తరం చదివి ఉండరు. అమెరికా వెళ్ళగలిగితే బాగుండేది, ఇప్పుడు కుదరదు, ఏదైనా పని నేర్చుకో, అన్నీ నాన్నగారిని అడిగి చెయ్యి అంటాడు. శాసనసభలో బాంబు విసిరిన మనిషి తమ్ముడి బతుకుతెరువు గురించి ఆలోచిస్తున్నాడు. మీ పాపకు ఇది చెప్పమ్మా.

---

ఉర్దూ పిచ్చి | మార్చి 22, ఉదయం 7:15

మాస్టారికి నమస్కారం. కుల్తార్‌కు రాసిన ఉత్తరం ఉర్దూలో ఉంది. నాలుగు మాటలు చెప్పి మిగతాదంతా కవిత్వానికి వదిలేశాడు. అందులో ఒకటి ఇఖ్బాల్‌ది. ఈ సభలో కాసేపటి అతిథిని, తెల్లవారే వేళ దీపాన్ని, ఆరిపోబోతున్నాను అని దాని భావం. చివరి పాదాలలో, గాలిలో నా ఆలోచనల మెరుపు ఉంటుంది, ఈ పిడికెడు మట్టి ఉంటేనేం పోతేనేం అన్న అర్థం వస్తుంది.

ఏడుస్తున్న పిల్లవాడికి తాను చనిపోతున్నానని ఎదురుగా చెప్పలేడు. ఆ ఒక్క సంగతి ఇఖ్బాల్ చేత చెప్పించాడు. మా తాతగారు కూడా అంతే. మంచి వార్తలు తెలుగులో చెప్పేవారు, చావు కబుర్లు ఉర్దూ పాదాల్లో చెప్పేవారు.

---

కొత్త పాఠకుడు | మార్చి 22, ఉదయం 8:02

తమ్ముళ్ళ మీద అంత ప్రేమ ఉన్నవాడు తండ్రిని ఎందుకంత నొప్పించాడు? వెన్నుపోటు అన్నాడట కదా.

---

రిటైర్డు మాస్టారు | మార్చి 22, ఉదయం 9:30

అన్నాడు. 1930 సెప్టెంబరులో తండ్రి కిషన్ సింగ్ ట్రిబ్యునల్‌కు ఒక అర్జీ పెట్టుకున్నాడు. పోలీసు అధికారి సాండర్స్ హత్య జరిగిన రోజున, అంటే 1928 డిసెంబరు 17న, మా వాడు లాహోర్‌లోనే లేడు, కలకత్తాలో ఉన్నాడు, సాక్ష్యం చూపిస్తానన్నాడు. ఆ కోర్టునే గుర్తించని కొడుకుకు ఈ సంగతి తెలిసి మండిపోయింది. అక్టోబరు 4న తండ్రికి ఉత్తరం రాశాడు. ఇది ఇంకెవరైనా చేసి ఉంటే ద్రోహం అనేవాణ్ణి, మీరు చేశారు కనుక బలహీనత అంటున్నాను, అదీ అతి హీనమైన బలహీనత అన్నాడు. పైగా పత్రికలో వేయించమన్నాడు, వేశారు కూడా. మూడు రోజుల తర్వాత తీర్పు వచ్చింది.

---

ఇద్దరు పిల్లల తండ్రి | మార్చి 22, ఉదయం 11:20

ఈ ఉత్తరం ప్రస్తావన వచ్చినప్పుడల్లా అందరూ కొడుకు గొప్పతనమే మాట్లాడతారు. నేను ఆ తండ్రి పక్కన నిలబడతాను.

కిషన్ సింగ్ పిరికివాడు కాదు, ఆయన కూడా జైళ్ళు చూసినవాడే. ఒక తమ్ముడు స్వరణ్ సింగ్ ఇరవై మూడేళ్ళకే పోయాడు. ఇంకో తమ్ముడు అజిత్ సింగ్ 1909లో దేశం విడిచి వెళ్ళి ఎక్కడెక్కడో తిరుగుతున్నాడు. ఇంట్లో ఇద్దరు మరదళ్ళు, ఒకరు వితంతువు, ఒకరు భర్త బతికి ఉండి కూడా ఒంటరి. అన్నిటినీ మోసినవాడు పెద్ద కొడుకు మెడ మీదికి తాడు వస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవాలా? అబద్ధమే ఆడాడు. నేనైతే పది ఆడేవాణ్ణి.

కొడుకు అన్నది సిద్ధాంతం ప్రకారం సరైనదే, కాదనను. కానీ ఆ ఉత్తరం అచ్చయిన మర్నాడు ఆయన బజారులో ఎలా నడిచాడు?

---

గోదారి గట్టు | మార్చి 22, ఉదయం 11:41

తండ్రిగా మీ బాధ సరే. కానీ ఆ అర్జీ గెలిస్తే మిగతా ఇద్దరి మాట? ఒకే కేసు, ఒకే ఉరి. తన ప్రాణం ఒక్కటీ విడిగా బేరానికి పెట్టడం ఆయనకు నచ్చలేదు. అసలు గాంధీగారు ఇర్విన్‌తో ఒప్పందం చేసుకునేటప్పుడు...

---

నిర్వాహకుడు | మార్చి 22, మధ్యాహ్నం 12:10

గాంధీ-ఇర్విన్ ఒప్పందం మీద మన వేదికలో ఇప్పటికే నాలుగు వందల వ్యాఖ్యల చర్చ ఉంది. దయచేసి అక్కడికి వెళ్ళండి. ఇక్కడ కుటుంబం గురించే మాట్లాడుకుందాం. గోదారి గట్టు గారి వ్యాఖ్యలో చివరి మూడు పేరాలు తీసేశాను.

---

తాళంచెవి | మార్చి 22, మధ్యాహ్నం 3:25

నేను జైలు శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. ఎక్కడ, ఏ హోదా అన్నది వద్దు. ఈ చర్చ మొదలుపెట్టిన చెల్లెమ్మ ప్రశ్నకు నాకు తోచింది చెబుతాను. పుస్తకంలో చదివింది కాదు, గేటు దగ్గర నిలబడి చూసిన అనుభవం.

ములాఖత్‌కు వచ్చిన కుటుంబం "అందరినీ పంపితేనే వస్తాం" అని కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను. అది ములాఖత్ వదులుకోవడం కాదు, బేరం. సాయంత్రానికో మర్నాటికో పైనుంచి ఎవరో ఒకరు దిగివస్తారని ఆశ. చాలాసార్లు దిగివస్తారు కూడా. ఉరి అంటే తెల్లవారుజామున తీస్తారని అందరికీ తెలుసు. ఆ ముగ్గురికీ నిర్ణయించింది మార్చి 24 ఉదయం. కనుక 23న గేటు దగ్గర ఉన్నవాళ్ళ లెక్కలో ఇంకా ఒక సాయంత్రం, ఒక రాత్రి ఉన్నాయి.

ప్రభుత్వం ఆ రాత్రినే లాగేసుకుంది. 23 సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో ఉరి తీసేశారు. సాయంత్రం ఉరి అనేది నా ఉద్యోగ కాలంలో విననైనా వినలేదు. ఆ తల్లి చూడనని వెళ్ళిందని నేను అనుకోను. అందరితో కలిసి చూద్దామనుకుంది, టైము ఉందనుకుంది.

నేను చెప్పింది ఊహే. కానీ గేటుకు ఇవతలి నుంచి అది నాకు అలాగే కనిపిస్తుంది.

---

వేపచెట్టు నీడ | మార్చి 22, మధ్యాహ్నం 3:50

తాళంచెవి అన్నయ్యగారూ, ఆఫీసులో కూర్చుని చదివాను. లేచి కాసేపు బయట తిరిగి వచ్చాను. "నేనైతే వెళ్ళి ఉండేదాన్ని" అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

---

ఇద్దరు పిల్లల తండ్రి | మార్చి 22, సాయంత్రం 4:15

"దగ్గరి బంధువు" అనే మాట కూడా చూడండి. రూల్సు పుస్తకం ప్రకారం చిన్నమ్మ దగ్గరి బంధువు కాదు. నేను పైన చెప్పిన ఆ ఇద్దరు మరదళ్ళు, హర్నామ్ కౌర్, హుకమ్ కౌర్, పిల్లవాణ్ణి ఎత్తుకు పెంచినవాళ్ళు. ఉమ్మడి కుటుంబంలో పెరిగిన ఎవరినైనా అడగండి, కన్నతల్లికీ చిన్నమ్మకూ మధ్య గీత ఎక్కడ గీస్తారో. అజిత్ సింగ్ చివరికి 1947లో తిరిగి వచ్చి, సరిగ్గా ఆగస్టు 15న డల్హౌసీలో కన్నుమూశాడు. ముప్పై ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన హర్నామ్ కౌర్‌కు దక్కింది కొన్ని నెలలు.

---

అక్షరాల బుట్ట | మార్చి 22, సాయంత్రం 6:30

తల్లి కన్నీళ్ళ సంగతి వచ్చింది కనుక రామ్ ప్రసాద్ బిస్మిల్‌ను తలచుకోకుండా ఉండలేను. కాకోరీ రైలు దోపిడీ కేసులో ఆయనను గోరఖ్‌పూర్ జైల్లో 1927 డిసెంబరు 19న ఉరి తీశారు. ముందు రోజు తల్లి మూల్‌మతి చూడటానికి వచ్చింది. వెంట శివ్ వర్మ అనే యువకుణ్ణి బంధువని చెప్పి లోపలికి తీసుకెళ్ళింది. విప్లవ దళం కబుర్లేమైనా ఉంటే అతనితో చెప్పమని.

తల్లిని చూడగానే బిస్మిల్ ఏడ్చాడు. ఆవిడ కసిరింది. నా కొడుకు పేరు చెబితే ఇంగ్లీషు ప్రభుత్వం వణుకుతుందనుకున్నాను, చావంటే ఇంత భయమా అన్నట్టుగా. చావుకు కాదమ్మా, నీలాంటి తల్లి ఒడి మళ్ళీ దొరకదని ఏడుస్తున్నానన్నాడు. ఈ సంగతి లోకానికి చెప్పినవాడు అక్కడే నిలబడి చూసిన శివ్ వర్మ. తర్వాత లాహోర్ కేసులో భగత్ సింగ్‌తో పాటు శిక్ష పడిన ఏడుగురు యావజ్జీవ ఖైదీలలో ఆయనా ఒకడు.

నాకు ఈ కథలో తల్లి ధైర్యం కంటే కొడుకు ఏడవడమే ఇష్టం. ఏడవనివాళ్ళ కథలు చాలా ఉన్నాయి.

---

గోదారి గట్టు | మార్చి 22, సాయంత్రం 6:55

భగత్ సింగ్ కూడా తల్లితో, నా శవం తీసుకోవడానికి నువ్వు రావద్దు, నువ్వు ఏడిస్తే భగత్ సింగ్ తల్లి ఏడుస్తోందని లోకం అంటుంది అన్నాడని చెబుతారు. అదైనా నిజమేనా మాస్టారూ?

---

రిటైర్డు మాస్టారు | మార్చి 22, రాత్రి 7:40

బాగా ప్రచారంలో ఉన్న మాట. నేను తరగతిలో "చెబుతారు" అని చేర్చి చెప్పేవాణ్ణి. ఒకటి మాత్రం ఖాయం. శవం తీసుకునే అవకాశమే ఎవరికీ ఇవ్వలేదు. రాత్రికి రాత్రి ఫిరోజ్‌పూర్ దగ్గర సట్లెజ్ ఒడ్డుకు తరలించి హడావిడిగా తగలబెట్టారు.

"బేబే" సంగతి కూడా ఇలాగే చెబుతారు. బేబే అంటే పంజాబీలో అమ్మ. భగత్ సింగ్ గది శుభ్రం చేసే పాకీ పనివాణ్ణి బేబే అని పిలిచేవాడట. చిన్నప్పుడు నా మలినం ఎత్తింది అమ్మ, ఇప్పుడు నువ్వు, అందుకే నువ్వూ అమ్మవే, ఉరికి ముందు నీ చేతి రొట్టె తింటాను అన్నాడట. ఆ పనివాడు సాయంత్రం రొట్టె తెస్తానన్నాడు. ఈలోగా ఉరి వేళ ముందుకు జరిగింది. అక్కడ కూడా అదే రాత్రి పోయింది చూడు.

---

డబ్లిన్ తెలుగు | మార్చి 22, రాత్రి 8:20

నేను ఐర్లండ్‌లో ఉంటాను. ఇక్కడ కిల్మైన్‌హామ్ జైలు ఇప్పుడు మ్యూజియం. 1916 తిరుగుబాటు నాయకుడు జోసెఫ్ ప్లంకెట్‌కు తుపాకీ గుళ్ళ శిక్ష మే 4 తెల్లవారుజామున. అంతకు కొన్ని గంటల ముందు అదే జైలు ప్రార్థనాలయంలో గ్రేస్ గిఫర్డ్‌తో పెళ్ళి జరిగింది. తర్వాత గదిలో కలుసుకోవడానికి పది నిమిషాలు ఇచ్చారు, చుట్టూ సైనికులు. ఆ చిన్న ప్రార్థనాలయంలో మా గుంపు అంతా నోరెత్తకుండా నిలబడింది. మా అబ్బాయి మాత్రం "పది నిమిషాలు ఎవరు లెక్కపెట్టారు?" అని అడిగాడు.

జతీంద్రనాథ్ దాస్ లాహోర్ జైల్లో నిరాహార దీక్షతో 1929లో చనిపోయినప్పుడు, అలాగే దీక్షలో ప్రాణం విడిచిన ఐరిష్ నాయకుడు మెక్‌స్వీనీ కుటుంబం నుంచి సంతాపం తెలుపుతూ తంతి వచ్చింది. ఈ ఇళ్ళకు ఒకరి దుఃఖం ఒకరికి తెలుసు.

---

గుల్‌మొహర్ | మార్చి 22, రాత్రి 9:10

మన వైపు లింకు ఒకటి చెప్పనా? ప్రివీ కౌన్సిల్‌లో భగత్ సింగ్ అప్పీలు వాదించిన ఇంగ్లీషు న్యాయవాది డి. ఎన్. ప్రిట్. అదే ప్రిట్ ఇరవై ఏళ్ళ తర్వాత మన తెలంగాణ రైతాంగ పోరాటంలో ఉరిశిక్ష పడిన పన్నెండు మంది కోసం ఢిల్లీ సుప్రీంకోర్టులో వాదించాడు. నల్లా నర్సింహులు వాళ్ళలో ఒకడు. 1951లో అక్కడా పిటిషన్లు కొట్టేశారు, కానీ ఆ తర్వాత ఉరి తప్పి యావజ్జీవంగా మారింది. పన్నెండు ఇళ్ళకు మనిషి దక్కాడు.

ఇంకొకటి. లాహోర్ కేసులో యావజ్జీవం పడిన బిజయ్ కుమార్ సిన్హా అండమాన్ చూసి వచ్చి, తెలుగావిడ శ్రీరాజ్యం గారిని పెళ్ళి చేసుకుని హైదరాబాదులోనే స్థిరపడ్డాడు. భగత్ సింగ్ పక్కన బోనులో నిలబడిన మనిషి మన మధ్యనే బస్సులెక్కి తిరిగాడు. మాలో ఎంతమందికి తెలుసు?

---

కొత్త పాఠకుడు | మార్చి 22, రాత్రి 9:18

నాకు తెలియదు. హైదరాబాదులో పుట్టి పెరిగాను.

---

సరిహద్దు పోస్టు | మార్చి 22, రాత్రి 10:45

మా వారి ఉద్యోగరీత్యా ఫిరోజ్‌పూర్‌లో రెండేళ్ళు ఉన్నాం. ఆ ముగ్గురినీ దహనం చేసిన సట్లెజ్ ఒడ్డు, హుస్సేనీవాలా, అక్కడికి దగ్గరే. దేశవిభజనలో ఆ చోటు పాకిస్తాన్‌కు పోయింది, 1961లో పన్నెండు ఊళ్ళు బదులిచ్చి తెచ్చుకున్నాం. ఇప్పుడు ముగ్గురికీ సమాధులు ఉన్నాయి. పక్కనే బటుకేశ్వర్ దత్ కూడా. శాసనసభలో బాంబు వేసినప్పుడు భగత్ సింగ్ పక్కనున్నది ఆయనే. 1965లో ఢిల్లీ ఆసుపత్రిలో పోతూ నన్నూ అక్కడే దహనం చేయమని కోరాడు.

దత్ మంచాన ఉన్నప్పుడు విద్యావతి గారు, అంటే భగత్ సింగ్ తల్లి, వెళ్ళి చూశారు. కన్నకొడుకు దగ్గర దొరకని చివరి కూర్చోవడం ఆయన స్నేహితుడి మంచం దగ్గర దొరికిందన్నమాట. ఆవిడ 1975లో పోయారు. ఆవిడ సమాధి కూడా అక్కడే ఉంది.

మేము వెళ్ళింది మామూలు రోజు, జనం లేరు. నది గాలి తప్ప చప్పుడు లేదు. ఒక ముసలి సర్దార్జీ చెప్పులు విప్పి, ముందు తల్లి సమాధి దగ్గరికి వెళ్ళి, ఆ తర్వాతే కొడుకు దగ్గరికి వచ్చాడు. నేను ఆ వరుస తప్పానని అప్పుడు తెలిసింది. మళ్ళీ మొదటి నుంచి తిరిగాను.

---

అక్షరాల బుట్ట | మార్చి 23, ఉదయం 6:40

ఒక చిన్న చేర్పు. ఆయన ఇంటికి వీడ్కోలు చెప్పింది 1931లో కాదు, 1923లో. పెళ్ళి ప్రయత్నాలు మొదలుపెడితే పదహారేళ్ళ పిల్లవాడు తండ్రికి చీటీ రాసిపెట్టి కాన్పూరు వెళ్ళిపోయాడు. నా ఉపనయనం నాడు తాతగారు నన్ను దేశానికి ఇస్తానన్నారు, ఆ మాట నిలబెడుతున్నాను, క్షమించండి అని. ఆ తర్వాత ఇంటికి వచ్చాడు, పోయాడు. కానీ ఆ ఇల్లు ఎనిమిదేళ్ళు అతణ్ణి సాగనంపుతూనే ఉంది.

---

ఇద్దరు పిల్లల తండ్రి | మార్చి 23, ఉదయం 7:05

ఆ చీటీ చదివిన తండ్రే మళ్ళీ అర్జీ రాశాడు. అదే నేను చెప్పేది.

---

వేపచెట్టు నీడ | మార్చి 23, సాయంత్రం 5:30

అందరికీ చెప్పాలని వచ్చాను. పాప మాట్లాడింది. బాంబు సంగతి ఒక్క వాక్యంలో ముగించి, మిగతా సమయమంతా కుల్తార్‌కు, కుల్బీర్‌కు రాసిన ఉత్తరాల గురించే చెప్పిందట. గేటు దగ్గర నుంచి వెనుదిరిగిన సంగతి చెబుతూ "వాళ్ళకు ఇంకా ఒక రాత్రి ఉందనుకున్నారు" అన్నప్పుడు వాళ్ళ టీచరు కిటికీ వైపు తిరిగారట. తాళంచెవి అన్నయ్యగారూ, అది మీ వాక్యమే.

తరగతిలో ఒక అబ్బాయి అడిగిన ప్రశ్నకు మాత్రం మా పాప దగ్గర జవాబు లేదు. కుల్తార్ అన్న చెప్పినట్టు బాగా చదువుకున్నాడా?

---

రిటైర్డు మాస్టారు | మార్చి 23, సాయంత్రం 6:20

పెద్దయ్యాక అన్నదమ్ములిద్దరూ జైలు చూసి వచ్చారమ్మా. స్వాతంత్ర్యం వచ్చాక కుల్తార్ ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్‌లో స్థిరపడ్డాడు, శాసనసభకు ఎన్నికయ్యాడు, మంత్రిగా కూడా చేశాడు. 2004లో పోయాడు. ఒంటిని జాగ్రత్తగా చూసుకోమన్న మాట అయితే విన్నట్టే. ఎనభై దాటి బతికాడు.

---

తాళంచెవి | మార్చి 23, సాయంత్రం 7:00

ఏడు గంటలయింది.